చుక్కల రెక్కలు – రొనాల్డ్ రాస్ జీవితం

పాము కనిపించినప్పుడు అది త్రాచా, జెర్రిపోతా అని మనం విచారిస్తాము. రైతు గుప్పెడు వడ్లను అరచేతిలో పోసికొని వాటి రకమేదో చెప్పగలడు. పశువుల సంతలో బేరగాడు ఎద్దు నడకను బట్టి దాని పుట్టుచోటును పోల్చుకొంటాడు. కాని చెవి దగ్గర రొద చేసే దోమను చూచి, ఇది ఏ దోమ అని ప్రశ్నించేవాడు అరుదు. మన దృష్టిలో దోమ దోమే, ఈగ ఈగే. అంతటి అల్పప్రాణికి జాతిభేదాలు విచారించే తీరిక ఎవరికి ఉన్నది? అయితే ఆ ప్రశ్నను వేయకపోవడం వల్లనే మానవజాతి చలిజ్వరానికి కారణం తెలియక వేల సంవత్సరాలు బలి అయినది. ఆ ప్రశ్నకు మొదటి జవాబు ఏ విదేశపు విద్యాపీఠంలోనో దొరకలేదు. మన హైదరాబాదులోనే, బేగంపేటలోని ఒక చిన్న ఆసుపత్రి గదిలో, 1897 ఆగస్టు మాసంలో దొరికినది.

నేడు గచ్చిబౌలిని దాటి శేరిలింగంపల్లి మండలంలోని గోపన్‌పల్లి వైపు వెళ్ళేవారికి ఆకాశాన్ని తాకే అంతస్తుల మేడలు, కంప్యూటరు సంస్థల ఉద్యోగుల నివాసాలు, ఇంకా పూర్తికాని కట్టడాల ఇనుప చువ్వలు కనిపిస్తవి. వానాకాలంలో ఇటువంటి చోట్ల పునాది గుంటలలో, సిమెంటు తడిపే తొట్లలో నీరు నిలుస్తుంది. ఆ నీటిలో తోక ఆడిస్తూ తిరిగే పిల్లపురుగులే కొద్ది దినాలకు రెక్కలు తొడిగి దోమలవుతవి. గోపన్‌పల్లికి తూర్పుగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో బేగంపేట ఉన్నది. నూరేండ్లకు పైబడిన ఆనాటి సంఘటనను గోపన్‌పల్లి బడిపిల్లలు తమ ఊరి చరిత్రగానే చదువుకొనవచ్చును. ఎందుకంటే ఆ శోధనకు సామగ్రి నేటికీ వారి ఇంటి ముందరి గుంటలోనే ఉన్నది.

రొనాల్డ్ రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించినాడు. ఉత్తర భారతాన తిరుగుబాటు ప్రారంభమైన మాసమది. తండ్రి ఆంగ్లేయ సైన్యంలో ఉద్యోగి, తరువాత సేనాపతి స్థాయికి ఎదిగినవాడు. పదిమంది సంతానంలో రాస్ పెద్దవాడు. ఎనిమిదవ యేట అతనిని చదువు కొరకు ఇంగ్లండుకు, బంధువుల ఇంటికి పంపినారు. బాలునికి చిత్రలేఖనం మీద, సంగీతం మీద, కవిత్వం మీద, గణితం మీద మక్కువ. వైద్యం మీద మాత్రం లేదు. చిత్రకారుడు కావలెనని అతని కోరిక, భారతదేశపు వైద్యశాఖలో చేరవలెనని తండ్రి ఆజ్ఞ. తండ్రి మాటే నెగ్గినది. లండను నగరంలోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో రాస్ వైద్యవిద్య అభ్యసించినాడు గాని, పాఠాల కంటె పాటలు కట్టడంలోనే ఎక్కువ కాలం గడిపినాడు. ఒక పరీక్ష తప్పి, కొంతకాలం ఓడలో వైద్యుడుగా పనిచేసి, మరల కూర్చుండి ఉత్తీర్ణుడైనాడు. 1881లో భారతీయ వైద్యశాఖలో ఉద్యోగం లభించినది. అతనికి మద్రాసు రాజధానిని కేటాయించినారు.

మొదటి పది పన్నెండేండ్లు చెప్పుకొనదగిన విశేషం లేదు. మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాను దీవులు ఇట్లా ఎక్కడెక్కడో తిరిగినాడు. కావ్యాలు, నవలలు వ్రాసినాడు, గణితంలో తలమునకలైనాడు. అయితే 1883లో బెంగుళూరులో జరిగిన ఒక చిన్న సంగతి స్మరింపదగినది. అతని బంగళాలో దోమల బాధ దుర్భరంగా ఉండేది. వెదకి చూడగా కిటికీ బయట ఉన్న నీటితొట్టిలో వాటి పిల్లలు కదలాడుతున్నవి. తొట్టిని బోర్లించగానే దోమలు తగ్గిపోయినవి. వైద్యగ్రంథాలలో లేని ఆ చిన్న పాఠం అతని మనసులో ఒక మూల నిలిచిపోయినది. 1888–89లో సెలవు మీద ఇంగ్లండుకు వెళ్ళినప్పుడు ప్రజారోగ్యశాస్త్రంలో పట్టా పుచ్చుకొన్నాడు, సూక్ష్మజీవిశాస్త్రం నేర్చినాడు, రోజా బ్లాక్సం అనే యువతిని వివాహమాడినాడు.

ఆనాటి చలిజ్వరపు స్థితి ఎట్టిదో నేటి విద్యార్థులు ఊహించుకొనడం కష్టం. పంటచేలలో, మన్యంలో, సైనిక శిబిరాలలో ఏటేటా లెక్కలేనంతమంది వణకుచు మంచం పట్టేవారు. కడుపులో బల్ల పెరిగి, ముఖం పాలిపోయి, పనికి చేతకాక కుటుంబాలు కూలిపోయేవి. క్వినైను ఉన్నది గాని, వ్యాధి ఎట్లు వచ్చునో తెలియదు. చెడుగాలి వల్ల, చిత్తడి నేలల ఆవిరి వల్ల వచ్చునని పాతనమ్మకం. ఆ వ్యాధికి గల ఇటాలియను పేరుకు అర్థం కూడా చెడుగాలి అనియే. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి నెత్తుటిలో ఒక పరాన్నజీవిని చూచినాడు. వ్యాధికి మూలం గాలి కాదు, ప్రాణి అని తేలినది. ఆ ప్రాణి ఒక మనిషి నెత్తుటి నుండి మరొక మనిషి నెత్తుటికి ఎట్లు చేరుచున్నది? ఇదే మిగిలిన చిక్కుముడి.

1894లో రాస్ లండనులో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుని కలిసికొన్నాడు. మాన్సన్ చైనాలో పనిచేసిన రోజులలో, బోదకాలు కలిగించే సన్నని పురుగు దోమ కడుపులో పెరుగుట కనుగొన్నవాడు. చలిజ్వరపు పరాన్నజీవికి కూడా దోమయే ఆశ్రయమై ఉండునని అతని ఊహ. రాస్‌కు ఆ పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో మొదటిసారి చూపినవాడు అతడే. అయితే మాన్సన్ ఊహలో ఒక లోపం ఉండినది. దోమ నీటిపై చనిపోవునని, ఆ నీటిని త్రాగినవారికి వ్యాధి వచ్చునని అతడు తలచినాడు. ఏమైనను దారి చూపినవాడు గురువే. 1895 వసంతంలో రాస్ తిరిగివచ్చి, సికింద్రాబాదులోని 19వ మద్రాసు పదాతిదళానికి వైద్యుడుగా కుదురుకొన్నాడు. గురుశిష్యుల మధ్య సముద్రాల మీదుగా ఉత్తరాల రాకపోకలు ప్రారంభమైనవి.

ఆ రెండేండ్ల కథ ఓటమి కథ. రాస్ దోమలను రోగుల మీద వదలి, నెత్తురు త్రాగనిచ్చి, కొన్ని దినాలు బ్రతికించి, పిదప సూదిమొనలతో చీల్చి, వాటి జీర్ణకోశంలోని ప్రతి కణాన్నీ పరీక్షించేవాడు. ఒక్క దోమను పూర్తిగా పరీక్షించుటకు గంటల కాలం పట్టేది. నెలవంక ఆకారపు పరాన్నజీవులు దోమ కడుపులో రూపం మారుట కనిపించినది గాని, ఆపైన అవి మాయమయ్యేవి. దోమలు చచ్చిన నీటిని, త్రాగుటకు సమ్మతించినవారికి ఇచ్చి చూచినాడు. నిలకడగా ఏ ఫలితమూ రాలేదు. వ్రేలి నుండి నెత్తుటిబొట్టు ఇమ్మని ఎంత డబ్బు చూపినా బజారులోని జనం భయపడి పారిపోయేవారు.

అసలు లోపం సూక్ష్మదర్శినిలో లేదు. రాస్ పరీక్షిస్తున్నవి తగిన దోమలు కావు. అతనికి దోమల జాతులు తెలియవు. భారతదేశపు దోమలను వివరంగా వర్ణించిన గ్రంథం అప్పటికి లేదు. ఇళ్ళలో, ఆసుపత్రులలో సులభంగా దొరికేవాటిని తనకు తోచినట్లు రెండు తెగలుగా విభజించుకొన్నాడు. ఒకటి బూడిదరంగు దోమ. ఇప్పటి శాస్త్రజ్ఞులు దీనిని క్యూలెక్స్ అంటారు. రెండవది తెల్లని పట్టీలు గల చారల దోమ. ఇది నేటి ఏడిస్. కుండలలో, కాలువలలో పెరిగే ఈ రెండు తెగలనే అతడు వందల కొలది పరీక్షించినాడు. మనిషి చలిజ్వరం ఈ రెండింటిలో దేనిలోనూ పెరగదు. ఇది తెలియక పోవుటచేత రెండేండ్ల శ్రమ వ్యర్థమైనది.

ఈగ, దోమ, కంటి ముందు ముసిరే సన్నని నుసుములు అన్నీ ఒకే పెద్ద కుటుంబానికి చెందినవని మన విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. వీటికి ఉన్నవి రెండే రెక్కలు. వెనుక రెక్కల స్థానంలో గుండుసూదుల వంటి రెండు చిన్న అంగాలుంటవి. ఈ రెండు రెక్కల తెగలో ఇంతవరకు లక్షన్నరకు పైగా జాతులను శాస్త్రజ్ఞులు వర్ణించినారు. అందులో దోమలే మూడువేల అయిదువందలకు మించినవి. అంత పెద్ద సంసారంలో, ఒక రోగానికి కారణమైన ఒక్క తెగను ఏ పుస్తకం సహాయం లేకుండా వెదకడమంటే, జాతరలో పేరు తెలియని మనిషిని వెదకినట్లే.

1895 చివర రాస్‌ను కలరా నివారణ పనికై బెంగుళూరుకు పంపినారు. శోధన నిలిచిపోయినది. 1897లో సెలవు తీసికొని నీలగిరి ప్రాంతానికి వెళ్ళి, అక్కడి సిగూరు కనుమలో చలిజ్వరాన్ని పరిశీలించబోయి తానే ఆ జ్వరానికి గురి అయినాడు. కోలుకొని జూన్ మాసంలో మరల సికింద్రాబాదు చేరినాడు. ఈసారి వేరు రకపు దోమల కొరకు వెదకుమని తన మనుషులను నలుదిక్కులకు పంపినాడు. వారు సీసాలలో గుంటల నీరు, డింభకాలు తెచ్చేవారు. వాటిని పెంచి, రెక్కలు వచ్చిన తరువాత చూడగా, మరల అవే బూడిద దోమలు, అవే చారల దోమలు.

ఆగస్టు నడిమిలో ఒకనాడు ఆసుపత్రి సహాయకుడొకడు గోడ మీద వ్రాలిన ఒక చిన్న దోమను రాస్‌కు చూపినాడు. అది మిగతా దోమల వలె గోడకు సమాంతరంగా, గూని వెన్నుతో కూర్చుండలేదు. తలను గోడ వైపు వంచి, తోకను పైకెత్తి, గోడకు గ్రుచ్చిన ముల్లు వలె నిలిచి ఉన్నది. దాని రెక్కల మీద నల్లని, తెల్లని చుక్కలు ఉన్నవి. ఆ రోజులలోనే మరొక పనివాడు తెచ్చిన సీసాలోని డింభకాలు పెరిగి, ఇటువంటి చుక్కల రెక్కల దోమలే బయటకు వచ్చినవి. రాస్‌కు వాటి పేరు తెలియదు. తన వ్రాతలలో చుక్కల రెక్కల దోమ అనియే వాటిని వ్యవహరించినాడు. అయితే అవి తాను ఇంతవరకు చూచినవి కావని మాత్రం అతని చిత్రకారుని కన్ను పసిగట్టినది.

ఆగస్టు 16వ తేదీన హుసేన్‌ఖాన్ అనే రోగిని దోమతెరలో పరుండబెట్టి, కొత్త దోమలను పదింటిని అతని మీద వదలినారు. కుట్టిన ప్రతి దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పినారు. అప్పటి నుండి దినదినమూ ఒకటి రెండు దోమలను చీల్చి చూచుట. కొన్ని తమంత తామే చచ్చినవి. ఏమియు కనిపించలేదు. ఆ గది చీకటిగా, ఉక్కగా ఉండేది. పంకా విసిరితే చీల్చిన దోమల ముక్కలు ఎగిరిపోవునని రాస్ దానిని ఆపివేయించినాడు. దానితో ఈగలు, కంటిరెప్పలలోకి, చెవులలోకి దూరే నుసుములు అతనిని పీడించినవి. నొసటి చెమట పడి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టినవి. మిగిలిన ఒక్క కంటి అద్దమూ పగుళ్ళు పట్టి ఉన్నది.

20వ తేదీ మధ్యాహ్నం, మిగిలిన రెండు దోమలలో ఒకదానిని చీల్చినాడు. జీర్ణకోశపు గోడను కొస నుండి కొస వరకు పరికించుచు రాగా, గుండ్రని అంచు గల ఒక కణం కనిపించినది. దాని అడ్డుకొలత మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో పన్నెండు భాగాలు మాత్రమే. దోమ కడుపులో ఉండదగిన కణం కాదది. ఇంకొంత జరిపి చూడగా అటువంటిదే మరొకటి. వాటి లోపల నల్లని రంగురేణువులున్నవి. అవి చలిజ్వరపు పరాన్నజీవిలో కనిపించే రేణువుల వంటివే. మరునాడు ఆఖరి దోమను చీల్చగా అవే కణాలు మరింత పెద్దవై కనిపించినవి. కణం పెరుగుచున్నది, కాబట్టి అది సజీవం. అందులో రంగు ఉన్నది, కాబట్టి అది చలిజ్వరపు జీవి. చుక్కల రెక్కల దోమలో మాత్రమే ఉన్నది, కాబట్టి దోమల మధ్య భేదం ఉన్నది. ఈ మూడు వాక్యాలలో ఆ శోధన సారమంతా ఇమిడి ఉన్నది. ఆ సంవత్సరం డిసెంబరులో బ్రిటిషు వైద్యపత్రికలో ఆ వార్త అచ్చయినది.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. దోమను వేలితో చూపిన ఆసుపత్రి సహాయకుని పేరు మనకు తెలియదు. తరువాత స్వీయచరిత్ర వ్రాసికొన్నప్పుడు రాస్‌కే ఆ పేరు జ్ఞాపకం రాలేదు. డింభకాల సీసా తెచ్చిన మనిషి పేరు కూడా చరిత్రకు ఎక్కలేదు. నెత్తురు ఇచ్చిన హుసేన్‌ఖాన్ పేరు మాత్రం మిగిలినది. శాస్త్రవిజయాలను ఒక్క పేరుతో చెప్పుకొనడం మనకు అలవాటు. అయితే తోక పైకెత్తి కూర్చున్న దోమ తక్కినవాటి వంటిది కాదని మొదట గమనించిన కన్ను మన దేశపు మనిషిది. అతనికి డిగ్రీలు లేకపోవచ్చును. తేడాను చూచే గుణం ఉన్నది. ఆ గుణమే శాస్త్రానికి పునాది.

విజయం చేతికందిన వేళ రాస్‌ను ప్రభుత్వం బదిలీ చేసినది. రాజపుటానాలోని ఖేర్వాడా అనే చోట చలిజ్వరం లేదు, పరిశోధనకు అవకాశమూ లేదు. మాన్సన్ పలుకుబడితో 1898 ఆరంభంలో కలకత్తాలో ప్రత్యేక పరిశోధన అవకాశం దొరికినది. అయితే ప్లేగు టీకాల భయంతో జనం సూదిని చూచినంతనే బెదరిపోతున్న కాలమది. మనుషులు దొరకక రాస్ పక్షుల వైపు మళ్ళినాడు. పిచ్చుకలకు కూడా ఒక రకమైన చలిజ్వరం ఉన్నది. సికింద్రాబాదులో వ్యర్థమని త్రోసివేసిన బూడిద దోమయే పిచ్చుకల వ్యాధికి వాహకమని తేలినది. మహమ్మద్ బక్స్ అనే సహాయకుని తోడ్పాటుతో పరాన్నజీవి ప్రయాణాన్ని అడుగడుగునా వెంబడించి, చివరకు 1898 జూలైలో దోమ లాలాజల గ్రంథులలో దాని సన్నని రూపాలను చూచినాడు. ఆ దోమలు కుట్టిన ఆరోగ్యవంతమైన పిచ్చుకలకు జ్వరం సోకినది. చెడుగాలీ కాదు, త్రాగునీరూ కాదు; దోమకాటే కారణం.

పక్షుల విషయంలో రాస్ నిరూపించినదానిని మనుషుల విషయంలో 1898 చివర ఇటలీ శాస్త్రజ్ఞులు గ్రాస్సీ, బిగ్నామీ, బాస్టియనెల్లీ పూర్తిగా నిరూపించినారు. గ్రాస్సీ జంతుశాస్త్రజ్ఞుడు, దోమల జాతులు తెలిసినవాడు. జ్వరం ఉన్న ఊళ్ళలో ఏ దోమలున్నవి, లేని ఊళ్ళలో ఏవి ఉన్నవి అని పోల్చి, ఎనాఫిలిస్ అనే తెగ మీద వేలు పెట్టి చూపినాడు. రాస్ చుక్కల రెక్కల దోమ ఆ తెగదే. ఒకనికి దోమ దొరికినది, పేరు తెలియలేదు; రెండవవానికి పేరు తెలిసినది. ఇద్దరి పనీ కలిస్తేనే సత్యం పూర్తి అయినది. అయినా కీర్తి ఎవరిదని వారు చిరకాలం కలహించినారు. రాస్ కోపస్వభావి, ఆ కలహంలో ఆయన వ్రాతలు ఆయన గౌరవానికి తగినట్లు లేవని చెప్పవలసి ఉన్నది.

1899లో రాస్ భారతదేశపు ఉద్యోగం వదలి లివర్‌పూల్‌లో కొత్తగా స్థాపించిన ఉష్ణమండల వైద్యవిద్యాలయంలో ఉపన్యాసకుడైనాడు. ఆ ఆగస్టులోనే పశ్చిమ ఆఫ్రికా సముద్రతీరంలోని సియెర్రా లియోన్ దేశానికి ఒక బృందాన్ని తీసికొని వెళ్ళినాడు. సికింద్రాబాదులో నేర్చిన పాఠాన్ని ఆయన మరువలేదు. ఈసారి తన వెంట ఈగలు, దోమల జాతులను గుర్తించుటలో నిపుణుడైన బ్రిటిషు మ్యూజియం ఉద్యోగి ఆస్టెన్‌ను కొనిపోయినాడు. ఫ్రీటౌన్ రేవుపట్టణపు వీధిగుంటలలో డింభకాలను పోగుచేసి, పెంచి, జాతులను నిర్ణయించి, అక్కడి జ్వరాన్ని ఎనాఫిలిస్ దోమలే మోయుచున్నవని కొద్ది వారాలలో తేల్చినారు. రెండేండ్లు పట్టిన పని వారాలలో ముగిసినదంటే, దోమ పేరు తెలిసినవాడు వెంట ఉన్నందువల్లనే. ఆ దశకంలో దోమలను పోల్చి చెప్పే గ్రంథాలు వెలువడసాగినవి: 1900లో గైల్స్ కరదీపిక, 1901 నుండి థియోబాల్డ్ బృహద్గ్రంథం. 1902లో రాస్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది. బ్రిటిషువారిలో ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనయే.

రాస్ పొరపడిన సందర్భమూ ఉన్నది. అదీ ఒక చిన్న ఈగ కథయే. 1898లో ఆయనను అస్సాములో కాలా అజార్ వ్యాధిని పరిశోధింప పంపినారు. దానిని ఆయన చలిజ్వరపు మరొక రూపమని భావించినాడు. 1903లో లండనులో లీష్మన్, మన మద్రాసులో డోనొవన్ ఆ వ్యాధికి వేరే పరాన్నజీవి కారణమని వేరువేరుగా కనుగొన్నారు. వారిద్దరి పేర్లు కలిపి ఆ జీవికి లీష్మానియా డోనొవనీ అని నామకరణం చేసినవాడు రాస్‌యే. ఆ వ్యాధిని మోసేది దోమ కంటె చిన్నదైన ఇసుక ఈగ. 1908లో కలకత్తా శాస్త్రజ్ఞులు అన్నండేల్, బ్రునెట్టి ఆ జాతికి పేరు పెట్టినారు. అదే వ్యాధివాహకమని 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ నిరూపించినారు. పేరు పెట్టుటకు, నేరం నిరూపించుటకు నడుమ ముప్పదినాలుగేండ్లు గడిచినవి. పేరు ముందే సిద్ధంగా ఉండినందువల్ల పరిశోధకులు ఏ ఈగను గురించి మాట్లాడుచున్నారో ఒకరికొకరికి స్పష్టంగా తెలిసినది.

రాస్ శేషజీవితమంతా చలిజ్వర నివారణకే వినియోగమైనది. నీరు నిలువనీయకుండుట, గుంటలు పూడ్చుట, డింభకాల మీద నూనె చల్లుట — ఈ పనులకు ప్రతి పట్టణంలో దోమల దళాలను ఏర్పరచవలెనని బోధించినాడు. 1902లో సూయజు కాలువ తీరంలోని ఇస్మాయిలియాలో ఆయన సలహాలను అమలుపరచగా, కొద్ది సంవత్సరాలలో ఆ ఊరి జ్వరం దాదాపు మాయమైనది. 1907–08లో మారిషస్ దీవికి వెళ్ళినాడు. బాల్యమిత్రమైన గణితం అప్పుడు అక్కరకు వచ్చినది. దేశంలోని దోమలన్నింటినీ చంపనక్కర లేదని, వాటి సంఖ్య ఒక హద్దుకు దిగువకు పడితే చాలునని, వ్యాధి తనంత తానే నశించునని లెక్కలు వేసి చూపినాడు. 1910లో ప్రకటించిన బృహద్గ్రంథంలో ఆ గణితాన్ని విస్తరించినాడు. అంటువ్యాధుల వ్యాప్తిని లెక్కగట్టే నేటి శాస్త్రానికి అది ఒక మూలస్తంభం.

వ్యక్తిగతంగా సుఖపడినవాడు కాదు. పెద్ద కుమారుడు 1914లో మొదటి ప్రపంచయుద్ధపు ఆరంభంలోనే మరణించినాడు. తన సేవకు ప్రభుత్వం తగిన ప్రతిఫలం ఇవ్వలేదన్న బాధ ఆయనను వదలలేదు. 1923లో స్వీయచరిత్ర వెలువరించినాడు. 1926లో లండనులో ఆయన పేర ఒక పరిశోధనాలయం, ఆసుపత్రి స్థాపితమైనవి. మరుసటి ఏడు పక్షవాతం వచ్చినది. 1931లో భార్య గతించినది. 1932 సెప్టెంబరు 16వ తేదీన, తన పేరు గల ఆ సంస్థలోనే రాస్ కన్నుమూసినాడు.

ఆయన గతించిన తరువాత దోమల గుర్తింపు మరింత సూక్ష్మమైనది. ఆఫ్రికాలో ఒకే జాతి అనుకొన్న ఎనాఫిలిస్ దోమ, కంటికి ఒకే రీతిగా కనిపించే పలు జాతుల సముదాయమని 1960 దశకంలో స్పష్టపడినది. వాటిలో కొన్ని సముద్రతీరపు ఉప్పునీటిలో మాత్రమే పెరుగునవి. కొన్ని మనుషులను, కొన్ని పశువులను ఎక్కువగా కుట్టునవి. మన పల్లెలలో చలిజ్వరాన్ని మోసే ఎనాఫిలిస్ క్యూలిసిఫేసీస్ కూడా అయిదు అక్కచెల్లెళ్ళ జాతుల సముదాయం. అందులో ఒకటి వ్యాధిని బాగా మోయలేదు. నగరాలలో, కట్టడాలు లేచే చోట, మేడ మీది నీళ్ళతొట్లలో పెరిగేది ఎనాఫిలిస్ స్టీఫెన్సీ. ఇక రాస్ ఆనాడు పనికిరావని త్రోసిపుచ్చిన రెండు దోమలలో బూడిదది బోదకాలును, చారలది డెంగీని మోయుచున్నవి. డెంగీ దోమ పగటిపూట కుట్టును, పూలకుండీ పళ్ళెంలోని గుక్కెడు నీటిలోనైనా పెరుగును. క్యూలెక్స్ మురికినీటిని కోరును. ఏ దోమయో తెలియక మందు చల్లడం, రోగమేదో తెలియక గుళిక మ్రింగడం వంటిదే. ప్రపంచంలో చలిజ్వరం వల్ల నేటికీ ఏటా సుమారు ఆరు లక్షలమంది మరణిస్తున్నారు. వారిలో పెక్కుమంది ఆఫ్రికాలోని అయిదేండ్లలోపు పసిపిల్లలు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వానాకాలంలో ఒక గాజుసీసాలో గుంటనీరు తెచ్చి, నోటికి పలుచని గుడ్డ కట్టి, తరగతి కిటికీలో ఉంచండి. డింభకం నీటిపొరకు తలక్రిందుగా వ్రేలాడితే అది క్యూలెక్స్ గాని, ఏడిస్ గాని కావచ్చును. నీటిపొర క్రింద పడుకొన్నట్లు సమాంతరంగా తేలితే ఎనాఫిలిస్. పిల్లలు దీనిని ఒక్కసారి కళ్ళారా చూస్తే జన్మలో మరువరు. చూచిన తరువాత, రెక్కలు రాకముందే, ఆ నీటిని ఎండిన నేల మీద పారబోయండి.

బేగంపేటలో, పూర్వపు విమానాశ్రయానికి సమీపంలో, ఆ పాత భవనం ఇంకా నిలిచి ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి పరాన్నజీవిశాస్త్ర సంస్థ రాస్ పేరు ధరించి ఉన్నది. ఆగస్టు 20వ తేదీని ప్రపంచమంతా దోమల దినంగా పాటిస్తున్నది. గోపన్‌పల్లి పిల్లలను బస్సులో తీసికొనిపోయి ఆ గది చూపడం ఒక పూట పని. అక్కడ రాస్ పేరుతోపాటు హుసేన్‌ఖాన్ పేరును చెప్పండి. గోడ మీది దోమను చూపిన ఆ పేరు తెలియని మనిషిని కూడా తలచుకొనండి. అందరి కంటికీ ఒకటిగా తోచినదానిలో వేరుదనాన్ని మొదట గుర్తించినవాడు అతడు. మన బడులు పిల్లలకు నేర్పదగిన విద్యలలో అంతకంటె పెద్దది లేదు.